పుట్టబోయే వారి కోసం దేశాలు నిజంగా ఏమైనా వదులుకున్నాయా? ఫ్రిజ్ గ్యాస్ పనిలో ముప్పై ఏళ్లు గడిపినవాడి సమాధానం

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్పుకుందాం. సుస్థిరాభివృద్ధి, భావితరాలకు న్యాయం అనే మాటలు 1992 నాటి రియో సదస్సు నుంచి ప్రతి అంతర్జాతీయ పత్రంలోనూ కనిపిస్తున్నాయి కదా, ఇంకా పుట్టని మనుషుల కోసం దేశాలన్నీ కలిసి నిజంగా ఏదైనా వదులుకున్న సందర్భం ఒక్కటైనా ఉందా అని మీరు అడిగారు. ఉంటే ఆ భారాన్ని మనలాంటి దేశం ఎందుకు మోయాలన్నది మీ రెండో ప్రశ్న.

అలాంటి సందర్భం ఉంది. ఎండలోని హానికర కిరణాలను అడ్డుకునే ఓజోన్ పొరను కాపాడేందుకు 1987 సెప్టెంబరు 16న కెనడాలోని మాంట్రియల్ నగరంలో కుదిరిన ఒప్పందమే అది. నేడు అందులో 198 సభ్యపక్షాలున్నాయి, అంటే ప్రపంచంలోని దేశాలన్నీ ఉన్నట్టే. నిషేధించిన రసాయనాల్లో దాదాపు 99 శాతం వాడుక నుంచి తొలగిపోయాయి. మీ రెండో ప్రశ్నకు కూడా సూటిగానే చెప్తాను. మనం భారం మోయడానికి ఒప్పుకున్నది, ఆ ఖర్చు ఎవరు భరించాలో, ఎవరికి ఎంత గడువు ఇవ్వాలో కాగితం మీద తేల్చుకున్న తరువాతే. నా అనుభవంలో తేలిన విషయం ఇది: భావితరాల పేరుతో చేసిన వాగ్దానం నిలబడాలంటే అది నేడు బతికున్న ఫలానా మనిషి, ఫలానా తేదీలోగా, ఫలానా వారి డబ్బుతో చేయవలసిన పనిగా మారాలి. అలా మారని చోట ఆ వాగ్దానం పీఠికలోనే ఉండిపోతుంది.

నేను న్యాయశాస్త్రం చదివినవాడిని కాను. 1986లో విజయవాడలో ఒక ఫ్రిజ్ రిపేరు షాపులో సహాయకుడిగా చేరి, తరువాత సొంతంగా షాపు పెట్టుకుని, చివరి పదిహేనేళ్లూ మెకానిక్‌లకు శిక్షణ ఇస్తూ గడిపాను. కాబట్టి ఈ ఒప్పందాన్ని నేను చూసింది సదస్సుల వైపు నుంచి కాదు, గ్యాస్ సిలిండర్ వైపు నుంచి.

ఆ రోజుల్లో ఇళ్లలోని ఫ్రిజ్‌లు దాదాపు అన్నింటిలో ఆర్-12 అనే గ్యాస్ ఉండేది. మేము దానిని ట్వెల్వ్ గ్యాస్ అనేవాళ్లం. వాసన ఉండదు, మంట అంటుకోదు, చేతికి తగిలినా చల్లగా ఉండటం తప్ప ఏమీ కాదు. అంత మంచి గ్యాస్ ఇంకొకటి లేదని మా మేస్త్రీ చెప్పేవారు, పని వరకు చూస్తే అది నిజమే. కంప్రెసర్ పాడైన ఫ్రిజ్ షాపుకు రాగానే మేము చేసే మొదటి పని, ఛార్జింగ్ ట్యూబును కటింగ్ ప్లయర్‌తో తుంచడం. బుస్సుమని చప్పుడు వచ్చి అర నిమిషంలో లోపలున్న గ్యాసంతా గాలిలో కలిసిపోయేది. ఆ తరువాత పైపుల్లోని చెత్తనూ తేమనూ తరిమేయడానికి కొత్త గ్యాసునే కొంత లోపలికి వదిలి బయటకు పోనిచ్చేవాళ్లం, ఎందుకంటే వ్యాక్యూమ్ పంపు కొనే స్తోమత చాలా షాపులకు లేదు. లీకు వెతకడానికి హాలైడ్ టార్చ్ వాడేవాళ్లం. ఆ టార్చ్ గొట్టాన్ని జాయింట్ల దగ్గర తిప్పుతుంటే, గ్యాస్ కారుతున్న చోట మంట ఆకుపచ్చ రంగుకు తిరిగేది. ఆ పచ్చదనం క్లోరిన్ వల్ల వస్తుందని, అదే క్లోరిన్ ఆకాశంలో చేసే పని వేరే ఉందని నాకు తెలిసింది చాలా ఏళ్ల తరువాత.

ఆ పని ఏమిటో 1974లోనే మారియో మొలీనా, షేర్‌వుడ్ రోలాండ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు చెప్పారు. నేల మీద దేనితోనూ కలవని ఈ గ్యాస్ మెల్లగా పైకి చేరి, అక్కడి అతినీలలోహిత కిరణాలకు విడిపోయి, విడుదలైన క్లోరిన్ ఓజోన్‌ను విరగ్గొడుతుందన్నది వారి సిద్ధాంతం. దానికే 1995లో పాల్ క్రుట్జెన్‌తో కలిపి వారికి నోబెల్ బహుమతి వచ్చింది. 1985లో బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వేకు చెందిన జోసెఫ్ ఫార్మన్ బృందం, అంటార్కిటికాలోని హాలీ పరిశోధన కేంద్రం మీద వసంతకాలంలో ఓజోన్ భారీగా తగ్గిపోతోందని ప్రకటించింది. ఇక్కడ ఒక విషయం గమనించండి. మాంట్రియల్‌లో సంతకాలు జరిగే నాటికి ఆ ఓజోన్ రంధ్రానికి క్లోరినే కారణమని పూర్తిగా నిర్ధారణ కాలేదు. ఆ నిర్ధారణ కోసం విమానాలు అంటార్కిటికా మీద ఎగురుతున్న రోజుల్లోనే ఒప్పందం కుదిరింది. రుజువు అంతా చేతికి వచ్చేదాకా ఆగి ఉంటే ఇంకొన్ని సంవత్సరాల గ్యాస్ గాలిలోకి పోయేది, పోయిన దానిని వెనక్కి తెచ్చే దారి లేదు.

ఇది భావితరాల సమస్య ఎలా అయిందో చెప్పడానికి నేను తరగతిలో ఒక చిన్న లెక్క వేసేవాడిని. ఆర్-12 వాతావరణంలో సగటున సుమారు వంద సంవత్సరాలు ఉంటుంది. నేను 1988లో ఒక ఫ్రిజ్ నుంచి వంద గ్రాములు వదిలాననుకుంటే, అందులో మూడో వంతుకు పైగా 2088లో కూడా గాలిలోనే ఉంటుంది. పైగా అది భూమిని వేడెక్కించడంలో అదే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కన్నా పదివేల రెట్లు బలమైనది, అంటే ఆ వంద గ్రాములు దాదాపు ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఆ ఫ్రిజ్ యజమాని లేడు, మా మేస్త్రీ లేరు, రేపో మాపో నేనూ ఉండను. గ్యాస్ మాత్రం ఉంటుంది. ఫ్రిజ్‌లో చల్లటి నీళ్లు తాగింది ఒకరు, దాని బిల్లు వచ్చేది ఇంకొకరికి.

ఇక మీ రెండో ప్రశ్న. 1987లో భారత్ ఈ ఒప్పందంలో చేరలేదు, చైనా కూడా చేరలేదు. మన వాదన చాలా సూటిగా ఉండేది. ఓజోన్‌ను చెడగొట్టిన గ్యాసులో సింహభాగం వాడింది ధనిక దేశాలు. మన దగ్గర ఆ రోజుల్లో ఫ్రిజ్ ఉన్న ఇల్లు వీధికి ఒకటో రెండో. వారు కడుపునిండా తిని లేచాక, అప్పుడే విస్తరి ముందు కూర్చున్న వారిని లేచిపొమ్మన్నట్టుగా ఉందన్నది మన అభ్యంతరం. 1990 జూన్‌లో లండన్‌లో జరిగిన సమావేశంలో నాటి పర్యావరణ మంత్రి మేనకా గాంధీ నాయకత్వంలో మన ప్రతినిధులు దీనిని గట్టిగా పట్టుబట్టారు. ఫలితంగా బహుపాక్షిక నిధి ఏర్పడింది. ధనిక దేశాలు అందులో డబ్బు వేస్తాయి, వర్ధమాన దేశాలు పాత రసాయనం నుంచి కొత్త దానికి మారడానికి అయ్యే అదనపు ఖర్చును అందులోంచి తీసుకుంటాయి. ఈ ఏర్పాటు కుదిరాకే, 1992 జూన్‌లో భారత్ చేరింది.

ఆ నిధి నడిచే తీరును సివిల్స్ చదివేవారు కూడా పెద్దగా పట్టించుకోరు, కానీ అసలు కిటుకు అక్కడే ఉంది. దాని కార్యవర్గంలో 14 మంది సభ్యులుంటే ఏడుగురు ధనిక దేశాల నుంచి, ఏడుగురు వర్ధమాన దేశాల నుంచి వస్తారు. ఓటింగ్ దాకా వస్తే మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలి, అది కూడా రెండు వైపులా విడివిడిగా మెజారిటీ ఉన్నప్పుడే చెల్లుతుంది. డబ్బు ఇచ్చేవాడి మాటే చెల్లే సంస్థలను చూసి చూసి ఉన్న మనకు ఇది కొత్త. దీనికి తోడు ఈ రసాయనాల తలసరి వాడకం ఏటా 0.3 కిలోల కన్నా తక్కువ ఉన్న వర్ధమాన దేశాలకు అదనపు గడువు ఇచ్చారు. ధనిక దేశాలు 1996 నాటికి సీఎఫ్‌సీలను, అంటే ఆర్-12 కుటుంబానికి చెందిన రసాయనాలను, మానేయాలి, మనకు 2010 జనవరి 1 దాకా సమయం ఇచ్చారు. భారత్‌లోని సీఎఫ్‌సీ కర్మాగారాలను మూయించడానికి ఆ నిధి 8.2 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. చివరికి గడువుకు పదిహేడు నెలల ముందే, 2008 ఆగస్టు 1 నుంచి, ఆస్తమా ఇన్‌హేలర్ల వంటి వైద్య అవసరాలను మినహాయించి, మనం ఉత్పత్తి ఆపేశాం. ఆ నిధిని బెల్లం అనుకుంటే, బెత్తం కూడా ఉంది. ఒప్పందంలో చేరని దేశంతో ఈ రసాయనాల వ్యాపారం చేయకూడదన్న నిబంధన మొదటి నుంచీ ఉంది, బయట ఉండిపోవడం వల్ల లాభం లేకుండా చేసింది అదే.

ఇంత పెద్ద ఏర్పాటు చివరికి వచ్చి ఆగేది ఒక మెకానిక్ చేతి దగ్గర. కర్మాగారాలు నాలుగో ఐదో ఉంటాయి, వాటి గేటుకు తాళం వేయవచ్చు. రిపేరు షాపులు ఊరూరా ఉంటాయి. అందుకే మా శిక్షణలు మొదలయ్యాయి. ఆర్-12 బదులు వచ్చిన ఆర్-134ఏ పాత మినరల్ ఆయిల్‌తో కలవదు. దానికి వాడే ఆయిల్ తేమను గుంజుకుంటుంది, కాబట్టి వ్యాక్యూమ్ పంపు లేకుండా పని చేస్తే కంప్రెసర్ కొన్ని నెలల్లోనే మూలపడుతుంది. మెకానిక్‌లకు ఇదంతా వెంటనే ఎక్కింది, ఎందుకంటే అది వారి పని, వారి పేరు. ఎక్కనిది రికవరీ, అంటే పాత గ్యాసును గాలిలోకి వదలకుండా యంత్రంతో సిలిండర్‌లోకి తీసుకోవడం.

మచిలీపట్నం నుంచి వచ్చిన ఒక కుర్రవాడు నన్ను అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. "సార్, రికవరీకి పావుగంట పడుతుంది. ఆ పావుగంటకు డబ్బు ఎవరిస్తారు? కస్టమర్ ఇవ్వడు, గవర్నమెంటు ఇవ్వదు. పుట్టబోయేవాడు వచ్చి ఇస్తాడా?" తరగతి అంతా నవ్వింది. నేను కూడా నవ్వాను, కానీ ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఓజోన్ రంధ్రం బొమ్మలు చూపించి, మీ మనవలకు చర్మ క్యాన్సర్ వస్తుందని చెప్పిన మాటలు అతని మీద పని చేయలేదు. తరువాతి రెండు మూడేళ్లలో గ్యాస్ తయారీకి అనుమతించే కోటా తగ్గుతూ వచ్చి కొత్త ఆర్-12 సిలిండర్ ధర పెరిగాక, అతనే ఫోను చేసి పాత ఫ్రిజ్‌ల నుంచి తీసిన గ్యాసును శుభ్రం చేసి మళ్లీ వాడుకోవచ్చా అని అడిగాడు. అతనిని మార్చింది నా పాఠం కాదు, ఎక్కడో మాంట్రియల్‌లో రాసుకున్న కోటా అతని షాపులో ధరగా మారడం. నీతి బోధ మీద నాకున్న నమ్మకం అప్పటి నుంచి కొంచెం తగ్గింది.

ఈ కథలో లోపాలు చెప్పకుండా దాటేస్తే మీకు అన్యాయం చేసినవాడినవుతాను.

మొదటిది, ఒప్పందం అదుపు చేసింది ఉత్పత్తినీ వాడకాన్నీ, అప్పటికే యంత్రాల్లో ఉన్న గ్యాసును కాదు. పాత ఫ్రిజ్‌లలో, వాటి గోడల మధ్య నింపిన ఫోమ్‌లో, పాత శీతలీకరణ ప్లాంట్లలో మిగిలిన గ్యాస్ తుక్కు దుకాణాల దగ్గర నేటికీ గాలిలోకి పోతూనే ఉంది. దానిని సేకరించి ధ్వంసం చేయడానికి ఎవరూ పూర్తి బాధ్యత తీసుకోలేదు.

రెండో లోపం, ప్రతి మార్పూ ఇంకో అప్పు తెచ్చింది. ఆర్-12 పోయాక కూడా ఏసీల్లో ఆర్-22 రాజ్యమేలింది, అది ఓజోన్‌కు తక్కువ హాని చేస్తుంది కానీ పూర్తిగా మంచిది కాదు. ఆర్-134ఏ, ఆర్-410ఏ ఓజోన్‌ను ముట్టుకోవు కానీ భూమిని వేడెక్కిస్తాయి. కిలో ఆర్-410ఏ రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు పైమాటే. అంటే ఒక తరం మీది భారాన్ని తీసి అదే తరం మీద వేరే రూపంలో పెట్టాం. దీనిని సరిదిద్దడానికి 2016 అక్టోబరు 15న రువాండాలోని కిగాలీలో మాంట్రియల్ ఒప్పందానికి సవరణ చేశారు. ధనిక దేశాలు 2019 నుంచే ఈ రకం గ్యాసులను తగ్గించడం మొదలుపెట్టాయి. 2021లో దానిని ఆమోదించిన భారత్ 2028లో వాడకాన్ని స్తంభింపజేసి, 2032 నుంచి దశలవారీగా తగ్గించుకుంటూ 2047 నాటికి 85 శాతం తగ్గించాలి. సవరణ సక్రమంగా అమలైతే ఈ శతాబ్దం చివరికి 0.3 నుంచి 0.5 డిగ్రీల వేడి తప్పుతుందని శాస్త్రీయ అంచనా.

మూడోది కాస్త చేదు. ఆర్-22 తయారీలో హెచ్‌ఎఫ్‌సీ-23 అనే ఉప ఉత్పత్తి వస్తుంది, భూమిని వేడెక్కించడంలో అది అన్నింటికన్నా ఘోరమైన వాటిలో ఒకటి. దానిని కాల్చేసినందుకు, వాతావరణ మార్పుపై కుదిరిన క్యోటో ఒప్పందం కింద కార్బన్ క్రెడిట్లు, అంటే ఉద్గారాలు తగ్గించినందుకు అమ్ముకోగల పత్రాలు ఇచ్చారు. చైనా, భారత్‌లలోని కర్మాగారాలకు అసలు సరుకు కన్నా ఈ చెత్తను కాల్చడమే లాభసాటిగా మారింది. చివరికి యూరప్ 2013లో ఆ క్రెడిట్లను తన మార్కెట్‌లో నిషేధించింది, 2016లో భారత ప్రభుత్వం ఆ వాయువును కంపెనీలు తమ ఖర్చుతోనే కాల్చాలని ఆదేశించింది. భావితరాల పేరుతో ఇచ్చే డబ్బు ఎవరి జేబులోకి, ఎందుకు పోతోందో చూడకపోతే ఇలాగే అవుతుంది. బహుపాక్షిక నిధి అదనపు ఖర్చును మాత్రమే లెక్కకట్టి ఇచ్చింది, అందుకే అక్కడ ఈ తమాషా జరగలేదు.

దొంగతనం కూడా జరిగింది. నిషేధం అమల్లో ఉండగానే సీఎఫ్‌సీ-11 గాలిలో తగ్గవలసినంత తగ్గడం లేదని 2018లో శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. మరుసటి ఏడాది కొలతలు దాని మూలం ప్రధానంగా తూర్పు చైనా వైపు చూపించాయి. విషయం బయటపడ్డాక ఆ ఉద్గారాలు మళ్లీ తగ్గాయి. దీనిని కొందరు ఒప్పందం వైఫల్యంగా చెప్తారు, నేను ఒప్పుకోను. గాలిని నిరంతరం కొలిచే కేంద్రాలు ఉండబట్టే దొంగ దొరికాడు.

మరి వాతావరణ మార్పు విషయంలో ఇదే ఎందుకు జరగడం లేదని మీ తరువాతి ప్రశ్న అవుతుంది. 1992 నాటి వాతావరణ ఒప్పందం మూడో అధికరణంలోనే నేటి తరాల, భావితరాల మేలు కోసం అని రాసి ఉంది. మాంట్రియల్ ఒప్పందంలో అంత గొప్ప ప్రకటనలేవీ లేవు, పట్టికలూ తేదీలూ ఉన్నాయి. సీఎఫ్‌సీలు తయారు చేసే కంపెనీలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని, బదులు రసాయనం అమ్మి లాభపడేది కూడా చాలావరకు వారే. బొగ్గూ పెట్రోలూ అలా కాదు, అవి ప్రతి ఇంటి వంటగదిలోనూ పొలంలోనూ ఉన్నాయి. ఈ తేడాను తక్కువ చేసి చూపడం నిజాయితీ కాదు. అయినా డబ్బు విషయంలో జరిగినదానికి మాత్రం ఏ సాకూ చెల్లదు. వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి వర్ధమాన దేశాలకు ఏటా 10,000 కోట్ల డాలర్లు 2020 నాటికి సమకూరుస్తామని ధనిక దేశాలు 2009లో కోపెన్‌హాగన్‌లో చెప్పాయి. వారి లెక్కల ప్రకారమే అది 2022లో గానీ నెరవేరలేదు, అందులోనూ ఎక్కువ భాగం అప్పులు. 2024లో బాకూలో 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లు అని తీర్మానం చేస్తే, అది చాలదని భారత ప్రతినిధి అక్కడికక్కడే అభ్యంతరం చెప్పారు. 1990లో లండన్‌లో మనం చెప్పిన మాట అదే, ఈసారి వినేవారు లేరు.

ఒక్క ఆశ కనిపిస్తోంది. వనువాటు అనే చిన్న ద్వీపదేశం చొరవతో, పసిఫిక్ ద్వీపాల న్యాయ విద్యార్థులు మొదలుపెట్టిన ఉద్యమం ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లి, 2025 జులై 23న అంతర్జాతీయ న్యాయస్థానం సలహా రూపంలో అభిప్రాయం వెలువరించింది. వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టపరమైన బాధ్యతేనని, నిబంధనలకు అర్థం చెప్పేటప్పుడు తరాల మధ్య సమన్యాయం దారి చూపుతుందని అందులో ఉంది. 2024 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన భావితరాల ప్రకటన కన్నా నేను దీనికి ఎక్కువ విలువ ఇస్తాను, ఎందుకంటే కోర్టుల్లో వాదించేవారికి ఇది పనికొస్తుంది.

భావితరాలకు న్యాయం అనే మాట చెప్పేటప్పుడు నేటి పేదవాడిని మరిచిపోవడం చాలామంది చేసే పొరపాటు. మే నెలలో విజయవాడలో రేకుల షెడ్డు కింద పడుకునే కుటుంబానికి ఇంకా ఏసీ రాలేదు. వారికి చల్లదనం వద్దనే హక్కు ఎవరికీ లేదు. మనకు 2028 దాకా గడువు ఇవ్వడంలోని న్యాయం అదే. అదే సమయంలో ఆ ఏసీ ఆర్-290 అనే ప్రొపేన్ గ్యాసుతో నడిస్తే పుట్టబోయేవారి మీద దాదాపు భారం పడదు. దానికి మంట అంటుకునే గుణం ఉంది కాబట్టి శిక్షణ లేని చేతికి ఇవ్వకూడదు. గోద్రెజ్ కంపెనీ 2012లోనే మన దేశంలో అలాంటి ఏసీలు అమ్మడం మొదలుపెట్టింది, అంటే ఇది ఊహ కాదు. మాటలో మాటగా చెప్తున్నాను, గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలూ కాకినాడ ఐస్ ఫ్యాక్టరీలూ మొదటి నుంచీ అమ్మోనియాతోనే నడుస్తున్నాయి. ఘాటు వాసనకు అందరూ తిట్టుకునే ఆ గ్యాస్ ఓజోన్‌కు గానీ వాతావరణానికి గానీ చేసిన హాని లేదు.

2022 నాటి శాస్త్రీయ అంచనా ప్రకారం, ఇప్పటి నిబంధనలు అమలవుతూ ఉంటే అంటార్కిటికా మీద ఓజోన్ పొర 1980 నాటి స్థాయికి సుమారు 2066లో చేరుతుంది, ఆర్కిటిక్ మీద 2045 ప్రాంతంలో, మిగతా ప్రపంచం మీద 2040 ప్రాంతంలోనే చేరుతుంది. నేను శిక్షణ ఇచ్చిన కుర్రవాళ్లలో కొందరు దానిని చూస్తారు.

చివరగా ఒక పని చెప్తాను. మీ ఇంటి ఏసీని వేరే ఇంటికి మార్చేటప్పుడు గ్యాసును బయటకు వదలకుండా పంప్ డౌన్ చేయమని మెకానిక్‌ను అడగండి. ముందు లిక్విడ్ వాల్వు మూసి, ఏసీని కూలింగ్‌లో నడిపించి, గ్యాసంతా అవుట్‌డోర్ యూనిట్‌లోకి చేరాక సక్షన్ వాల్వు మూయడమే పని, పది నిమిషాలు కూడా పట్టదు. ఏటా గ్యాస్ నింపాలని ఎవరైనా చెప్తే నమ్మకండి. గ్యాస్ ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు. ముందు సబ్బు నురగ పెట్టి లీకు చూపించమనండి, ఆ తరువాతే నింపనివ్వండి.